ఇంట్లో అనుకోని చావు జరిగితే: పంచనామా నుంచి పోస్టుమార్టం రిపోర్టు చేతికొచ్చేదాకా ఏం చేయాలి

2019 వానాకాలంలో ఒక రాత్రి మా పెద్దన్న పత్తిచేను దగ్గర గుడిసెలో కింద చాప వేసుకుని పడుకున్నాడు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేచాడు. కాసేపటికి కనురెప్పలు వాలిపోయాయి. నీళ్లు మింగుడు పడలేదు, మాట ముద్దగా వచ్చింది. దేవరకొండ తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. అక్కడి నుంచే ఆటో వెనక్కి తిప్పాం. "మనిషి పోనే పోయిండు, ఇంక కోయిచ్చుడెందుకు" అన్నారు పెద్దలు. పొద్దుగూకేలోపు దహనం అయిపోయింది.

ఒంటి మీద కాటు కనిపించలేదు కదా, మూడో రోజుకే ఊళ్లో "పురుగుల మందు తాగిండంట" అనే మాట పుట్టింది. ఆ మాట మా వదినను ఇప్పటికీ వదల్లేదు. రైతుబీమా డబ్బు వచ్చింది, దానికి చావు కారణంతో పని లేదు కాబట్టి. బ్యాంకు ఖాతాలోంచి ఏటా కట్ అయ్యే ప్రమాద బీమా మాత్రం రాలేదు. ఆస్పత్రి చీటీ లేదు, పంచనామా లేదు, పోస్టుమార్టం లేదు. ఏం చూపిస్తాం? వాలిన రెప్పలు, కడుపునొప్పి, మింగలేకపోవడం కట్లపాము కాటు లక్షణాలని నేను తర్వాత తెలుసుకున్నాను. అప్పటికి చూపించడానికి బూడిద తప్ప ఏమీ మిగల్లేదు.

అప్పటి నుంచి మా ఊళ్లో గానీ, చుట్టుపక్కల తండాల్లో గానీ ఇలాంటి చావు జరిగితే ఆ ఇంటివాళ్ల వెంట స్టేషన్‌కు, మార్చురీకి వెళ్తున్నాను. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు వాళ్లకు పనికొస్తుందని, చూసి నేర్చుకున్నది, చదివి తెలుసుకున్నది కలిపి రాస్తున్నాను. ఆ ఒక్క రోజు మీరు చెప్పే మాట, పెట్టే సంతకం ఏళ్ల తరబడి మీ ఇంటిని అంటిపెట్టుకుని ఉంటాయి. దుఃఖంలో ఉన్నా సరే, ఇంట్లో ఒక్కరైనా మనసు గట్టి చేసుకుని ఈ పనులు చూసుకోవాలి.

ముందుగా: ప్రాణం ఉందేమో చూడండి, తర్వాత దేన్నీ కదపకండి

ఊపిరి ఆడుతోందేమో అన్న చిన్న అనుమానం ఉన్నా 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకెళ్లండి. సాక్ష్యం చెదిరిపోతుందని మనిషిని వదిలేయకూడదు. దారిలో ప్రాణం పోయినా మాలాగా బండి వెనక్కి తిప్పకండి. ఆస్పత్రి దాకా వెళ్లండి. అక్కడి డాక్టర్ "తెచ్చేసరికే చనిపోయారు" అని రాసే చీటీ కూడా కాగితమే, దానికీ విలువ ఉంటుంది.

ప్రాణం లేదని తేలితే శవానికి స్నానం చేయించొద్దు, బట్టలు మార్చొద్దు, పసుపు రాయొద్దు. మన పద్ధతి ప్రకారం చేయాల్సినవన్నీ పోస్టుమార్టం అయ్యాక చేసుకోవచ్చు. పురుగుల మందు డబ్బా, తాగిన గ్లాసు, వాంతి పడిన తువ్వాల ఉంటే బయట పారేయకండి, కడగకండి. ఉరి అయితే తాడు ముడి విప్పకండి. కిందికి దించాల్సి వస్తే ముడికి దూరంగా కోయాలి. బోరు మోటారు దగ్గర కరెంటు షాక్ అయితే, ముట్టుకునే ముందు లైన్‌మన్‌కు ఫోన్ చేసి సరఫరా ఆపించండి. ఒక మనిషిని కాపాడబోయి ఇంకో మనిషి పోయిన ఇళ్లు మన దగ్గర తక్కువేమీ లేవు.

ఆ తర్వాత ఫోన్‌తో ఫొటోలు తీయండి. మనిషి పడి ఉన్న తీరు, చుట్టూ ఉన్న వస్తువులు, తెగిన వైరు, స్టార్టరు డబ్బా, తడి నేల అన్నీ రావాలి. అవి ఎవరికీ పంపకండి, వాట్సాప్ గ్రూపుల్లో అసలే పెట్టకండి. మీ దగ్గరే ఉంచుకోండి.

స్టేషన్‌లో దరఖాస్తు

పాము కాటు, కరెంటు షాక్, రోడ్డు ప్రమాదం, నీళ్లలో పడడం, మందు తాగడం, ఉరి, కాలిన గాయాలు, కొట్లాట, అకస్మాత్తుగా ఒంటరిగా చనిపోవడం: వీటిలో ఏదైనా పోలీసులకు తెలియాలి. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ (కేసుల దర్యాప్తు, విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం) స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. ఇలాంటి చావుల మీద పెట్టే కేసును మనం ఇన్నాళ్లూ సెక్షన్ నంబరుతో 174 కేసు అన్నాం, ఇప్పుడు అది 194 కేసు. పేరు మారింది గానీ పని అదే. చావు కారణం మీద సందేహం ఉంటే శవాన్ని డాక్టర్ దగ్గరికి పంపాలి. దానికి ఇంటివాళ్ల ఒప్పుకోలుతో పని లేదు, వద్దంటే ఆగేది కాదు. అందుకే "కోయనియ్యం" అని గేటు దగ్గర గంటలకొద్దీ కొట్లాడి అలసిపోవద్దు. ఆ ఓపికను రాసే కాగితం మీద పెట్టండి.

ఎందుకంటే అసలు పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఇంటివాళ్లు ఏడుస్తూ ఉంటారు, దరఖాస్తు ఇంకెవరో రాస్తారు. రాసే చేతికి కొన్ని మాటలు అలవాటై ఉంటాయి. "కడుపునొప్పి భరించలేక", "జీవితం మీద విరక్తి చెంది", చివర్లో "మాకు ఎవరి మీదా ఎలాంటి అనుమానం లేదు". చదవకుండా వేలిముద్ర వేసేస్తారు. ఆర్నెల్ల తర్వాత ఏదో తెలిసి అనుమానం వస్తే, ఆ ఒక్క వాక్యమే అడ్డంగా నిలబడుతుంది.

అందుకని దరఖాస్తు మీరే రాయండి, లేదా చదువుకున్న మీ పిల్లలతో రాయించండి. చూసింది, జరిగింది, సమయం మాత్రమే రాయాలి. "రాత్రి 9 గంటలకు అన్నం తిని చేనుకు పోయాడు, పొద్దున 5 గంటలకు కడుపునొప్పి అన్నాడు, రెప్పలు వాలిపోయాయి" అని. కారణం తెలియకపోతే ఊహించి రాయొద్దు. "చావుకు కారణం మాకు తెలియదు, పోస్టుమార్టం చేసి తేల్చగలరు" అని రాస్తే చాలు. నిజంగానే అనుమానం లేకపోతే లేదనే రాయండి. ఉంటే ఎవరి మీద, ఎందుకు అన్నది భయపడకుండా రాయండి. రాసినదాన్ని ఫొటో తీసుకున్నాకే ఇవ్వండి. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదు చేసినవాళ్లకు ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి.

పాలమూరు నుంచి పనికి పోయినవాళ్లు ముంబయిలోనో పుణెలోనో చనిపోతే పోస్టుమార్టం అక్కడే అవుతుంది. శవాన్ని ఊరికి తెచ్చే తొందరలో అక్కడి కాగితాలు వదిలేసి రావద్దు. ఎఫ్ఐఆర్ నంబరు, స్టేషన్ పేరు, పోస్టుమార్టం నంబరు రాసుకుని రండి. వెళ్లలేని పరిస్థితిలో, నేరం జరిగిందన్న అనుమానం ఉంటే, మీ మండల స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు. దాన్ని జీరో ఎఫ్ఐఆర్‌గా నమోదు చేసి అక్కడికి పంపాలి.

పంచనామా: సంతకం పెట్టే ముందు చదవండి

శవం ఉన్న చోటికో మార్చురీకో ఎస్సై వచ్చి, ఆ చుట్టుపక్కల ఉండే ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది పెద్దమనుషుల (వీళ్లనే పంచులు అంటారు) సమక్షంలో శవాన్ని చూసి రాసేదే పంచనామా. చివరిసారి ప్రాణంతో ఎవరు చూశారు, మొదట శవాన్ని ఎవరు చూశారు, ఎలా పడి ఉంది, ఒంటి మీద ఏయే గాయాలున్నాయి, చూడగానే ఏ కారణంగా కనిపిస్తోంది, ఇవన్నీ అందులో రాస్తారు. డాక్టర్ శవాన్ని చూసే ముందు చదివేది ఈ కాగితమే. ఇందులో "పాము కాటు అనుమానం" అని లేకపోతే, కాలి వేళ్ల సందుల్లో వెతకాలని ఆయనకు ఎవరు చెబుతారు?

అందుకే పంచుల్లో ఒకరైనా మీ బాధ ఎరిగినవాళ్లు ఉండేలా చూసుకోండి. చూసిన ప్రతి గాయం, గీత, వాపు రాయించండి. "ఇది కూడా రాయండి సార్" అని మర్యాదగా, గట్టిగా చెప్పండి. చదివి వినిపించమనండి. చట్టం ప్రకారం పంచనామా మీద పోలీసు అధికారితో పాటు, అందులో రాసినదానితో ఏకీభవించినవాళ్లు సంతకం చేస్తారు. మీరు పంచుగా నిలబడి ఆ మాట ఒప్పుకోకపోతే సంతకం పెట్టాల్సిన పని లేదు. "పెట్టు తమ్మీ, ఏంగాదు" అనే మాటకు లొంగకండి.

పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడమనిషి ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా పోలీసు పంచనామాతో సరిపోదు. మేజిస్ట్రేట్ విచారణ జరగాలి. మన దగ్గర ఆ పని మామూలుగా తహసీల్దార్ చేస్తారు. ఆ ఏడేళ్లలోపు చావు ఏదైనా సరే, ఆమె బంధువు అడిగితే పోస్టుమార్టానికి పంపాల్సిందే. అమ్మాయి తల్లిగారి ఊరు దూరమైతే, వాళ్లు వచ్చేదాకా ఆపమని అడగండి. అత్తగారింటి వాళ్ల మాట ఒక్కటే కాగితం మీదికి ఎక్కకూడదు. కస్టడీలో ఉండగా చనిపోతే జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి.

ఇంకో మాట. ఆడవాళ్లను, 15 ఏళ్లలోపు, 60 ఏళ్లు దాటిన మగవాళ్లను వాళ్ల ఇంటి దగ్గర తప్ప వేరేచోటికి హాజరవ్వమని పిలవకూడదని ఇదే చట్టం చెబుతోంది. కొడుకు పోయిన తల్లిని స్టేషన్ అరుగు మీద రాత్రిదాకా కూర్చోబెట్టనివ్వకండి.

మార్చురీ దగ్గర

ఎస్సై ఇచ్చే లెటరు, పంచనామా చేతికి అందితేనే డాక్టర్ పోస్టుమార్టం మొదలుపెడతారు. కాబట్టి ఆలస్యం అవుతుంటే డాక్టర్ మీద అరవకుండా, ముందు ఆ కాగితాలు ఎక్కడ ఆగాయో కనుక్కోండి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. మెడికల్ కాలేజీ అంటే ఫోరెన్సిక్ మెడిసిన్ విభాగం ఉంటుంది. దేవరకొండ, మిర్యాలగూడ లాంటి చోట ఏరియా ఆస్పత్రిలోనే చేస్తారు. మామూలు కేసుకు అది చాలు. హత్య అనుమానం, కుళ్లిన శవం, కాలిన శవం అయితే ఫోరెన్సిక్ నిపుణులు ఉన్న చోటికి పంపమని ఎస్సైకి రాతపూర్వకంగా అడగండి.

65వ నంబరు హైవే మీదో 44 మీదో ప్రమాదం జరిగి, హైదరాబాద్ గాంధీకో ఉస్మానియాకో తీసుకెళ్లాక చనిపోయినవాళ్ల ఇంటివాళ్లు అందరికంటే ఎక్కువ తిప్పలు పడతారు. శవం అక్కడ, కేసు ఇక్కడ. ప్రాణం పోయిందని తెలిసిన నిమిషంలోనే మీ స్టేషన్ ఎస్సైకి ఫోన్ చేయండి. ఎఫ్ఐఆర్ కాపీ, మొదటి ఆస్పత్రి ఇచ్చిన మెడికో లీగల్ కాగితం మీతో ఉంచుకోండి. ఇవి చేతిలో ఉంటే ఒక పూట మిగులుతుంది.

సాయంత్రం అయితే రేపే అంటారు. 2021 నవంబర్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ, తగిన వెలుతురు, వసతులు ఉన్న ఆస్పత్రుల్లో సూర్యాస్తమయం తర్వాత కూడా చేయొచ్చని చెప్పింది. అయితే హత్య, ఆత్మహత్య, అత్యాచారం, కుళ్లిన శవం, అనుమానాస్పద చావు అయితే, శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప, రాత్రి చేయకూడదు. రాత్రి చేసినదాన్ని వీడియో తీయాలి. అనుమానం ఉన్న కేసు అయితే పొద్దున వెలుతురులో జరగడమే మీకు మంచిది. ఆ రాత్రికి శవాన్ని ఫ్రీజర్‌లో పెట్టారో లేదో కళ్లారా చూసుకోండి. మన మే నెల ఎండకు శవం ఒక్క పగట్లో మారిపోతుంది.

పోస్టుమార్టానికి ఫీజు లేదు. గుడ్డకని, కుట్టుకని, మందుకని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. సూపరింటెండెంట్‌కు చెప్పండి, ఏసీబీ టోల్ ఫ్రీ నంబరు 1064. బిడ్డ శవం కోసం చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్ల దగ్గర చేయి చాచడం కంటే పాపం నాకు తెలియదు.

లోపలికి తీసుకెళ్లే ముందు శవాన్ని గుర్తుపట్టమని మిమ్మల్ని పిలుస్తారు. అదే మీకు డాక్టర్‌తో మాట్లాడే అవకాశం. రెండు నిమిషాల్లో చెప్పండి: ఏం జరిగింది, ముందు ఏ లక్షణాలు కనిపించాయి, షుగరు, గుండెజబ్బు, ఫిట్స్ ఉన్నాయా, ఏ మందులు వాడేవారు, ఎక్కడెక్కడ వైద్యం చేయించారు, మీకు ఏ అనుమానం ఉంది. చీటీలు ఉంటే చూపించండి. ఈ ముక్క చెప్పేవాళ్లు లేక ఎన్నో రిపోర్టులు అరకొరగా మిగిలిపోతాయి.

లోపల ఏం చేస్తారు

ఇది తెలియకే భయం ఎక్కువ. మొదట బట్టలతో సహా పైనుంచి చూస్తారు. బట్టల చిరుగులు, మరకలు రాసుకుంటారు. బట్టలు తీసి, తల నుంచి అరికాలిదాకా ప్రతి గాయం ఎక్కడుంది, ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఏ రంగులో ఉంది అని కొలిచి రాస్తారు. ప్రాణం ఉండగా తగిలిన దెబ్బకు నెత్తురు గడ్డ, వాపు ఉంటాయి. పోయాక తగిలినదానికి అవి ఉండవు.

చావు జరిగి ఎంతసేపైందో శరీరమే కొంతవరకు చెబుతుంది. మన వేడికి ఒళ్లు బిగుసుకోవడం ఒకట్రెండు గంటల్లో మొదలై, సుమారు 12 గంటల్లో పూర్తవుతుంది. మరికొన్ని గంటలు అలాగే ఉండి, తర్వాత సడలుతుంది. కిందికి ఆనిన వైపు నెత్తురు దిగి ఊదారంగు మచ్చ కడుతుంది. వెల్లకిలా పడి ఉన్నాడంటున్న మనిషికి ఆ మచ్చ ఛాతీ వైపు ఉంటే, ఎవరో తిప్పారన్నమాట. ఎండాకాలంలో సగం రోజు దాటితే పొట్ట కుడివైపు కింద పచ్చరంగు తేలుతుంది.

తర్వాత గడ్డం కింది నుంచి పొత్తికడుపుదాకా కోసి ఛాతీ, కడుపు చూస్తారు. తల మీద ఒక చెవి నుంచి ఇంకో చెవిదాకా జుట్టులో కోసి, పుర్రె తెరిచి మెదడు చూస్తారు. మెడ మీద అనుమానం ఉంటే తల, ఛాతీ తెరిచి నెత్తురు దిగిపోయాక చివర్లో మెడను పొరలు పొరలుగా విప్పుతారు. ఉరి గీత మామూలుగా ఏటవాలుగా చెవుల వెనక్కి పైకి వెళ్తుంది. ఎవరైనా బిగిస్తే మెడ చుట్టూ అడ్డంగా పడుతుంది. అన్నీ చూశాక అవయవాలు లోపల పెట్టి కుట్టేస్తారు. బట్ట కప్పితే ముఖం ఎప్పటిలాగే ఉంటుంది. పిల్లలకు చివరి చూపు చూపించొచ్చు. "ముక్కలు చేసి ఇస్తారు" అనే మాట అబద్ధం.

సీసాల సంగతి

విషం అనుమానం ఉన్నా, కారణం తేలకపోయినా కొన్ని భాగాలు తీసి సీసాల్లో పెడతారు. దీన్నే విసెరా అంటారు. జీర్ణాశయం, అందులో ఉన్నది, చిన్నపేగు ముక్క, కాలేయం ముక్క, రెండు మూత్రపిండాల్లో సగం సగం, నెత్తురు. పేగు, కాలేయం లాంటివాటిని మామూలుగా ఉప్పు కరిగినంత కరిగించిన నీళ్లలో వేస్తారు. ఫార్మాలిన్‌లో వేస్తే విషం పరీక్ష పాడవుతుంది. ఫార్మాలిన్ అనేది జబ్బు ఉందేమో కండను మైక్రోస్కోపులో చూసే పరీక్షకు. సీసాలకు సీలు వేసి, పేరు, నంబరు రాసి పోలీసుకు ఇస్తారు. పోలీసు వాటిని హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎఫ్ఎస్ఎల్‌కు (ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబ్‌కు) చేర్చాలి. నీళ్లలో మునిగిన కేసులో ఎముక మజ్జ తీస్తారు. అదే బావి, అదే కాలువ నీళ్లు కూడా ఒక సీసాలో పట్టి పంపితేనే పోల్చి చూడటానికి వీలవుతుంది. ఆ నీళ్లు పట్టారా అని ఎస్సైని అడగండి.

ఇక్కడ మీరు రెండు అడగాలి: సీసాలు తీశారా, ఏ తారీఖున ఎఫ్ఎస్ఎల్‌కు పంపారు. స్టేషన్ బీరువాలో సీసాలు వారాల తరబడి ఉండిపోతే మీకే నష్టం. వారం తర్వాత ఒకసారి వెళ్లి, పంపిన లెటరు నంబరు రాసుకోండి.

విసెరాలో ఏమీ దొరకలేదంటే విషం లేనట్టే అనుకోకండి. మందు తాగాక వారం రోజులు ఆస్పత్రిలో ఉండి, కడుపు కడిగించుకుని చనిపోయిన మనిషి ఒంట్లో మందు మిగలకపోవచ్చు. అందుకే మొదటి ఆస్పత్రిలో కడుపు కడిగినప్పటి నీళ్లు దాచమని, కేసు షీటు కాపీ ఇమ్మని అప్పుడే అడగాలి.

పాము కాటు, కరెంటు: ఈ రెండింటిలో చాలా జాగ్రత్త

ఎఫ్ఎస్ఎల్‌లో మామూలుగా చేసే విసెరా పరీక్షలో పాము విషం తేలదు. మా అన్న కేసులో పోస్టుమార్టం చేయించినా, సీసాల నుంచి జవాబు వచ్చేది కాదు. కాటు గుర్తు నుంచి, లక్షణాల కథ నుంచి, ఆస్పత్రి చీటీ నుంచి మాత్రమే వచ్చేది. కట్లపాము పళ్లు చాలా చిన్నవి. దోమ కుట్టినంత గుర్తు కూడా ఉండకపోవచ్చు. అది రాత్రిపూట, కింద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. రక్తపింజర అయితే వాపు, నెత్తురు కారడం కనిపిస్తాయి. కాబట్టి ఎక్కడ పడుకున్నాడో, ఎప్పుడు లేచాడో, రెప్పలు ఎప్పుడు వాలాయో డాక్టర్‌కు చెప్పి, వేళ్ల సందులు, మడమలు, చెవి వెనక, జుట్టులో చూడమని అడగండి. గుర్తు కనిపిస్తే ఆ చర్మం తీసి ఉంచుతారు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన కింద పాము కాటు చావుకు 2 లక్షలు అడగొచ్చు గానీ, వెంటనే ఆస్పత్రిలో రాయించిన కాగితం ఉండాలన్నది నిబంధన. బ్యాంకుకు వీలైతే 30 రోజుల్లోపే దరఖాస్తు ఇవ్వండి.

కరెంటు కూడా అంతే. పొడి చర్మం మీద చిన్న గుంటలాంటి కాలిన మచ్చ, చుట్టూ తెల్లటి గట్టి అంచు ఉంటుంది. తడి చేతులతో, తడి కాళ్లతో మడిలో నిలబడినవాళ్లకు ఆ మచ్చే పడకపోవచ్చు. లోపల అవయవాల్లో కరెంటుకే ప్రత్యేకమైన గుర్తు ఉండదు. అప్పుడు మీరు తీసిన వైరు ఫొటో, తడి నేల ఫొటో, విద్యుత్ శాఖ వాళ్లు వచ్చి రాసిన నివేదికే డాక్టర్‌కు ఆధారం. విద్యుత్ సంస్థ పరిహారానికీ అవే అడుగుతారు.

అనుమానం తీరకపోతే

అనుమానం ఉన్న కేసులో దహనం చేయకండి, పూడ్చండి. కాలిన శవాన్ని ఎవరూ మళ్లీ పరీక్షించలేరు. పూడ్చినదాన్ని మేజిస్ట్రేట్ ఆదేశంతో తీసి చూడొచ్చు. మన దేశంలో దానికి ఇన్నేళ్లలోపే అని గడువేమీ లేదు. ముందు జాగ్రత్తగా పోస్టుమార్టానికి ముందే ఎస్పీకి, ఆస్పత్రి సూపరింటెండెంట్‌కు లెటరు ఇచ్చి వీడియో తీయమని, ఒకరికంటే ఎక్కువమంది డాక్టర్లతో చేయించమని అడగండి. లెటరు కాపీ మీద ముద్ర వేయించుకోండి.

మొదటి రిపోర్టు మీద నమ్మకం లేకపోతే రెండోసారి చేయించమని హైకోర్టుకు వెళ్లొచ్చు. మన వైపే జరిగిన ఉదాహరణ ఉంది. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో పోలీసు కాల్పుల్లో చనిపోయిన నలుగురికి మొదటి పోస్టుమార్టం మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆస్పత్రిలో జరిగింది. హైకోర్టు ఆదేశంతో ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు వచ్చి అదే నెల 23న గాంధీ ఆస్పత్రిలో మళ్లీ చేశారు. అప్పటిదాకా శవాలను భద్రపరిచారు కాబట్టే అది వీలైంది. లోతైన కమిలిన దెబ్బలు ఒక రోజు గడిచాక బయటికి బాగా కనిపించడం కూడా ఉంటుంది. కాబట్టి రెండో పరీక్ష వృథా అనుకోవద్దు. అయితే కోర్టు ఊరికే ఒప్పుకోదు, కారణాలు చూపాలి. వకీలును ఆ రోజే కలవండి.

శవం తెచ్చుకున్నాక కాగితాలు

ప్రభుత్వ ఆస్పత్రి నుంచి ఊరిదాకా ఉచితంగా చేర్చే బండి ఉంటుంది, మార్చురీలోనే అడగండి. కర్మలు అయిపోయేలోపు పంచాయతీ కార్యదర్శి దగ్గర చావు నమోదు చేయించండి. గడువు 21 రోజులు. దాటితే ఆలస్య రుసుము, నెల దాటితే అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. రైతుబీమాకు, పింఛనుకు, పట్టా మార్పుకు అన్నిటికీ ఆ సర్టిఫికెటే మొదలు.

రోడ్డు ప్రమాదం అయితే మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్‌లో కేసు 6 నెలల్లోపు వేయాలి. గుద్దిన బండి దొరకకపోతే 2 లక్షల పరిహారం ఉంది, ఆర్డీవో ఆఫీసులో అడగండి. రైతు ఆత్మహత్య అయితే ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ అధికారి ఉండే త్రిసభ్య కమిటీ ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం, ఎఫ్ఎస్ఎల్ రిపోర్టులన్నీ చూస్తుంది. ఒక్కటి లేకపోయినా ఫైలు పక్కన పడుతుంది.

పోస్టుమార్టం రిపోర్టును డాక్టర్ పోలీసుకు ఇస్తారు. కాపీ కోసం స్టేషన్‌లో రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద, లేదా కోర్టు నుంచి తీసుకోవచ్చు. ఎఫ్ఐఆర్ అయిన కేసులో దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో ఫిర్యాదుదారుకు 90 రోజుల్లోపు పోలీసులే చెప్పాలి. అడిగేటప్పుడు ఆ మాట గుర్తుచేయండి.

రిపోర్టు చేతికి రాగానే తెలిసిన డాక్టర్‌తో చదివించుకోండి. మొదట చూడాల్సింది చివరి పేరాలో చావు కారణం. "గుండె, ఊపిరి ఆగిపోవడం వల్ల" అని మాత్రమే ఉంటే అది కారణం కాదు. చావంటేనే అది. అవి ఎందుకు ఆగాయో రాయాలి. "ఎఫ్ఎస్ఎల్ రిపోర్టు వచ్చాక అభిప్రాయం ఇస్తాం" అని ఉంటే పని సగమే అయిందన్నమాట. చాలా ఇళ్లలో ఇక్కడే ఆపేస్తారు. ఎఫ్ఎస్ఎల్ రిపోర్టు స్టేషన్‌కు వస్తుంది. దాన్ని పోలీసు మళ్లీ పోస్టుమార్టం చేసిన డాక్టర్‌కు చూపించి తుది అభిప్రాయం రాయించాలి. ఆ డాక్టర్ బదిలీ అయి వెళ్లిపోతే ఇంకో తిరుగుడు. హత్యా ఆత్మహత్యా అన్నది డాక్టర్ తేల్చడు. ఎలా చనిపోయాడో మాత్రమే చెబుతాడు, మిగతాది దర్యాప్తు, కోర్టు చూసుకుంటాయి.

గాయాల పట్టికను పంచనామాతో పక్కపక్కన పెట్టి చూడండి. పంచనామాలో ఉన్న దెబ్బ రిపోర్టులో లేకపోతే, రిపోర్టులో ఉన్నది పంచనామాలో లేకపోతే, గుర్తుపెట్టుకుని వకీలుకు చూపించండి. పోస్టుమార్టం మొదలైన సమయం, అప్పటికి ఒళ్లు బిగుసుకుని ఉందా అన్నది, మీరు చెప్పిన చావు సమయంతో సరిపోతుందా చూడండి.

తుది అభిప్రాయం వచ్చాక దాని మూడు జిరాక్సులు తీయించండి. ఒకటి బీమాకు, ఒకటి వకీలుకు, ఒకటి ఇంట్లో. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వొద్దు. మొన్న వానాకాలంలో పక్క తండాలో ఒకతను కట్లపాము కాటుతో పోతే ఆ ఇంటివాళ్ల వెంట నేను నల్లగొండ వెళ్లాను. ఎడమ మడమ దగ్గర రెండు చుక్కల గుర్తు దొరికింది. రిపోర్టు కాపీ వచ్చిన రోజు ఆ తల్లి దాన్ని పాస్‌బుక్కుతో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దూలం మీద దాచింది. మీ వాళ్ల కాగితాలు కూడా చెదలు పట్టని చోట, తడి తగలని చోట పెట్టండి.